నలభై ఒకటో దరఖాస్తు

ల్యుబ్ల్యానాలో నవంబరు మంచు మధ్యాహ్నం దాకా లేవదు.
నది ఎక్కడుందో వంతెనని బట్టి తెలుసుకోవాలి.
మూడో అంతస్తు గదిలో, హీటర్ పాడైన పూట,
ఐదు దేశాల డబ్బు
ఒకే బల్ల చుట్టూ కూర్చుంది,
కోట్లు విప్పకుండా.

నా పని మినిట్స్ రాయడం.
ఇరవై మూడేళ్లుగా ఇదే.
ఎవరేమన్నారో కాదు, ఏం తేలిందో రాయాలి.
తేలనివన్నీ నా దగ్గర
బీకరు అడుగున మడ్డిలా పేరుకున్నాయి.

నియమం చిన్నదే:
ఎవరి శాస్త్రజ్ఞులకి వాళ్లే పెట్టుకోవాలి.
నాణెం సరిహద్దు దాటకూడదు.
ఆలోచన దాటొచ్చు. సీసాలో ద్రావణం కూడా దాటొచ్చు,
కస్టమ్స్‌లో పదకొండు రోజులు పడుండి.
జీతం మాత్రం దాటదు.

నలభై ఒకటో దరఖాస్తు వచ్చింది.
గాలిలో ఊరికే తిరిగే నత్రజనిని
కొలిమి వేడి లేకుండా, కొండంత ఒత్తిడి లేకుండా
ఎరువుగా కిందికి దించాలని.
ఔలులో ఉత్ప్రేరకం, దెజాన్‌లో ఎలక్ట్రోడు,
కొయింబ్రాలో కొలతలు.
పరీక్షకులు ముగ్గురూ మొదటి స్థానమే ఇచ్చారు.
ముగ్గురికి ఒక మాట కుదరడం
నాకు తెలిసి ఇది రెండోసారి.

ఫిలొమేనా క్వాద్రొస్ చక్కెర పొట్లాన్ని మడిచింది.
మళ్లీ మడిచింది.
"మా పిండి అయిపోయింది," అంది,
"రొట్టె సంగతి నన్నడక్కండి."
మార్చిలో కొత్త బడ్జెట్. రావొచ్చు. రాకపోవచ్చు.
ఆమె బొటనవేలి మీద పాత యాసిడ్ మచ్చ,
ఒకప్పుడు తనూ అడిగేవాళ్లలో ఒకతెననడానికి
మిగిలిన సర్టిఫికెట్టు.

ముక్కాలిపీటకి రెండు కాళ్లు చాలవు.
ఆ మాట ఎవరూ అనలేదు.
తెర మీద కురహషి సదావో కళ్లజోడు తుడుచుకున్నాడు,
ఆయన కిటికీలో అప్పటికే రాత్రి.
మ్యోంగ్ ఓక్‌జిన్ రెండో స్థానం కాగితాన్ని
పైకి లాగింది గానీ చదవలేదు.
మా జ్దెంకా, "చిన్న దేశం మాది,
ఉడతాభక్తిగా కాఫీ మాత్రం..." అని
నవ్వబోయి ఆగిపోయింది.

మనమంతా ఉత్ప్రేరకాలం అన్నారెవరో.
రాశాను. కొట్టేశాను.
చర్య ముగిశాక ఉత్ప్రేరకం ఎంతున్నది అంతే ఉంటుంది.
ఈ బల్ల దగ్గర
మనుషులు అరగడం నేను చూశాను.

వైక్కో హార్యుల పొద్దుటినుంచీ నోరు విప్పలేదు.
ఆయన మౌనంలో కామా ఏదో, ఫుల్‌స్టాప్ ఏదో
పోల్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.
టీ చల్లారాక, కిటికీవైపు చూస్తూ:
"ఏడో నియమంలో అతిథి అనే మాట ఉంది.
కొయింబ్రా విద్యార్థి మా ఔలుకొచ్చి కొలవొచ్చుగా.
పద్నాలుగు నెలలు. జీతం మాది.
కొలతలు మీవే, పేరూ మీదే."
కాసేపాగి,
"చలి మాత్రం బాగా ఉంటుంది," అన్నాడు,
అదొక్కటే షరతన్నట్టు.

ఫిలొమేనా వెంటనే ఒప్పుకోలేదు.
పుచ్చుకోవడానికీ ఒక లెక్క ఉంటుంది.
"మార్చిలో వస్తే సెంటుతో సహా తిరిగిస్తాం."
"నాణెం సరిహద్దు దాటదు," గుర్తుచేసింది ఓక్‌జిన్.
అందరూ నవ్వారు.
కురహషి నవ్వు ఒక సెకను ఆలస్యంగా చేరింది.

ఆ కొలిచే మనిషికి ఇవేవీ తెలియవు.
ఆ గంటలో బహుశా
గాజుగొట్టాలు కడుగుతూ ఉండుంటుంది, లేదా ఉండుంటాడు.
దరఖాస్తులో పేరు లేదు.
"పరిశోధక విద్యార్థి, ఒకరు" అని ఉంది, అంతే.

మినిట్స్‌లో నేను రాసింది:
నలభై ఒకటి. చర్చ అనంతరం ఆమోదించడమైనది.
సంఖ్య తీసేస్తే మూడు మాటలు.

నాలుగింటికి గది ఖాళీ అయింది.
మంచు పలచబడి
వంతెన కింద నది ఉన్నట్టే కనిపించింది.
బల్ల మీద ఆ చక్కెర పొట్లం,
నాలుగు మడతలు.
విప్పి చూశాను. ఒక్క పలుకూ పోలేదు.
నా కాఫీలో పోసుకున్నాను.
అదీ రాయలేదు.