మునిగిన పీట

మూడు నెలలకొక సూది.
పొట్ట చర్మం మడిచి పొడుస్తారు,
ఫర్వానియా ఆసుపత్రి రెండో అంతస్తులో.
మగ రసాన్ని ఎండగడితే
గడ్డ పస్తుండి చస్తుందంట.
డాక్టరమ్మ చెప్పిందే నర్సు
సగం మలయాళంలో మళ్ళీ చెప్పింది.

ఓబులేసు ఇరవై రెండేళ్ళు
ఈ దేశంలో నీళ్ళ ట్యాంకరు తోలినాడు.
బోర్డులు చదవడు, అరబ్బీ అక్షరం రాదు.
ఇసుక గాలిలో ముందు బండి తోక కనపడకపోయినా
"ఇంకో రెండు పర్లాంగులు, ఆ తర్వాత ఎడమ" అంటాడు,
దిక్సూచి మింగినోడి మాదిరి.

నాకట్ల రాదు.
నాలుగిళ్ళల్లో పాచిపని చేసేదాన్ని, నాకు గుర్తులు కావాల.
రొట్టెల బట్టీ వాసన,
దాని పక్కన పచ్చ తలుపు,
తలుపు ముందు ఎప్పటికీ కదలని తెల్ల కారు,
కారు కింద ఒంటికన్ను పిల్లి.
పిల్లి లేని రోజు సందు దాటిపోయేదాన్ని.
"దిక్కు తెలీని దానివే" అని నవ్వేవాడు.

నాలుగో సూది తర్వాత
జహ్రాకు పోవాల్సిన నీళ్ళు
ఫహాహీల్‌లో సముద్రం పక్కన నిలబడినాయి.
ఫోన్ చేసినాడు.
"గంగులూ, అంతా కనపడతాంది,
యాడుండానో మాత్రం తెలీలే."

మందు వల్లేనా అని అడిగినా.
కావచ్చు, అనింది డాక్టరమ్మ. వయసు కావచ్చు. భయమూ కావచ్చు.
మగ ఎలుకల్లో ఆ రసం తీసేసి
నీళ్ళతొట్టిలో ఈదించి చూసినారంట,
మునిగిన పీట యాడుందో గుర్తుంటుందా అని.
కొన్ని తిరిగి తిరిగి అలిసిపోయినాయంట.
కొన్ని మామూలుగానే ఎక్కినాయంట.
మనుషుల లెక్క ఇంకా తేలలేదంట.

ఎలుకల సంగతి ఆయనకు చెప్పలే.
బస్సులో వస్తా నా కాళ్ళ కింద చూసుకున్యా.

రాత్రిళ్ళు ఒంట్లోంచి ఆవిర్లు లేస్తాయి ఆయనకు.
"ఇదేందే ఈ ఉడుకు?"
నాకు నలభై ఏడులో వచ్చినవే అవి.
అప్పుడు దుప్పటి ముసుగేసి పండుకున్నోడు
ఇప్పుడు ఏసీ కింద నా పక్కన జరిగి కూర్చుంటాడు,
చొక్కా లేకుండా, గడ్డం పలచబడి.

శుక్రవారం రొట్టెలకు పోయినాం.
నేను ముందు నడుస్తా, చెప్పొద్దు, అన్యాడు.
మూల మీద ఆగినాడు.
నోరు కట్టేసుకున్యా.
గాలి పీల్చి కుడికి తిరిగినాడు.

పచ్చ తలుపుకు ఎవరో నీలం రంగేసినారు.

నా మొగం చూడలే ఆయన.
లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ళ మీద వంగి
తెల్ల కారు కిందికి చూసినాడు.