నిమ్మచెట్టు ఒకటి, కాపు లేదు

కర్నూలులో పాత రికార్డుల గదికి
నన్ను పిలిపించింది బల్బు మార్చేదానికి.
టాకీసు మూతపడి పదేండ్లయినా
బొమ్మ చూపించే మిషన్ ఏది చెడినా
ఈ ఊర్లో ఇంకా నా పేరే చెప్తారు:
"ఆపరేటర్ మౌలాలి ఉన్నాడు గదా, పిలవండి."

మిషన్ మీద పచ్చ దుప్పటి.
దుప్పటి మీద దుమ్ము.
దుమ్ములో ఎవరో వేలితో రాసిన తేదీ,
అదీ పోయినేడుది.
గోడకు అచ్చు కాగితం: "ప్రజల సౌకర్యార్థం."
దాని కిందనే చేతిరాత:
"అధికారి అనుమతి లేనిదే తాకరాదు."
అధికారి సెలవులో ఉన్నాడు.
బీరువా తాళంచెవి ఆయన జేబులో ఉంది.
ఆయన జేబు తిరుపతిలో ఉంది.

బెంచీ మీద ఒక ముసలామె,
ఒళ్లో సంచి, సంచిలో అర్జీల నకళ్లు.
"ఇది నాలుగోతూరి నాయనా.
మొదటితూరి కరెంటు లేదు.
రెండోతూరి అయ్య లేడు.
మూడోతూరి అయ్య ఉన్నాడు, కరెంటు ఉంది,
బల్బు పోయింది."
పేరు ఫక్కీరమ్మ. ఊరు సంగాలపల్లె.
యాడుంది ఆ ఊరు అని అడగబోయి
నాలిక కరుచుకున్నా.
శ్రీశైలం నీళ్ల అడుగున ఉంది.

ముంపు ఊర్లోళ్లకు ఉద్యోగమంట,
మనవడు దరఖాస్తు పెట్టినాడంట.
ఊరు ఉండినట్టు రుజువు కావాలంట.

అటెండరు నరసోజి
"రెండో తాళంచెవి నా దగ్గర లేదు" అంటానే
బొడ్లోంచి తీసిచ్చినాడు.

రీలు చేతిలోకి తీసుకున్నా.
ఎంత సన్నం! పక్కన చిల్లులు కూడా లేవు.
పంటిపట్టు లేని ఫిలిం,
వేళ్లలో చేపపిల్ల మాదిరి జారతాది.
అద్దం తుడిచి, దారి ఎక్కించి, మీట నొక్కినా.
నల్లటి తెర మీద తెల్లక్షరాలు
గుంపు గుంపుగా ఉరికినాయి,
ఒకరి ఇండ్లు, ఒకరి గొడ్లపాకలు,
ఊర్లకూర్లే.

ముప్పై ఏండ్లు నేను జనం వెనక నిలబడినోణ్ణి.
ఎవరేడ్చినా నాకు కనపడింది వీపులే.
ఈరోజు పక్కన నిలబడి
చూసే మనిషి మొకం చూసినా.
టికెట్టు లేదు, ఇంటర్వెల్ లేదు, ఒక్కటే మనిషి.

"చదువు నాయనా."
చదివినా.
సర్వే నెంబరు నూటపద్నాలుగు.
మట్టిమిద్దె ఒకటి. దూలాలు నాలుగు.
బావిలో సగం వాటా.
చింతచెట్టు ఒకటి.
నిమ్మచెట్టు ఒకటి, కాపు లేదు.

"కాపు లేదా?"
లేచి నిలబడింది.
"ఎవుడు రాసినాడది?
వాడు లెక్క రాసుకొని పోయిన నెలకే పూత పట్టింది.
నీళ్లు గడప కాడికొచ్చిన దినం
ముప్పైరెండు కాయలు.
ఒక్కటి ఇడిసిపెట్టకుండా కోసి
కొంగున కట్టుకొని నడిచినా.
కొత్త జాగాలో, రేకుల కింద,
వారం దినాలు సంగటిలోకి అవే."

నరసోజి గొంతు సవరించుకున్నాడు:
"దిద్దేదానికి లేదమ్మా. చూసేదానికే."

నకలు మీట నొక్కినా.
పాస్‌వర్డ్ అడిగింది.
పాస్‌వర్డ్ కూడా తిరుపతిలోనే ఉంది.

ఆమె ఏమీ అనలే.
తెర మీద ఆ వరుసకు వేలు ఆనించింది.
వేలి చుట్టూ వెలుగు, గోరు ఎర్రగా.
కాపు లేదన్న రెండు మాటలు
వేలి కింద కనపడకుండా పోయినాయి.
కొంచేపు అట్లనే ఉండె.
"ఐదోతూరి వస్తాలే" అని సంచి తీసుకుంది.

ఆట అయినాక రీలు వెనక్కి చుట్టి పెట్టడం
నా చేతుల అలవాటు.
రేపటాట మొదటినుంచి ఉండాల గదా.
ఆ పొద్దు చుట్టలే.
"బీరువాలో పెట్టాల" అన్నాడు నరసోజి.
"తాళంచెవి తిరుపతిలో ఉంది" అన్నా.
వాడు నవ్వాలా వద్దా తెలీక
దుప్పటి తీసుకొని కప్పబోయి,
మడిచి బెంచీ మీద పెట్టినాడు.

బల్బు ఆర్పినా.
రీలు మిషన్లోనే ఉంది,
నిమ్మచెట్టు కాడ.