కుండను కొట్టి విన్నట్టు

సంతలో కుండ కొనేవాళ్ళు
వేలు మడిచి ఒక్కటి కొడతారు.
ఖంగుమంటే డబ్బులిస్తారు,
బొంగురుగా పలికితే పక్కన పెడతారు.
నా ఉద్యోగమూ అంతే.
కుండ మాత్రం కొంచెం పెద్దది,
పక్కన పెట్టడానికి వీల్లేనిది.

వాషింగ్టన్ తీరంలో, కోపాలిస్‌కి ఎదురుగా
చూపు ఆనని నీళ్ళలో మా ఓడ
గాలి తుపాకులు పేలుస్తోంది
అరనిమిషానికొకసారి, రాత్రీ పగలూ.
తిమింగలం కనబడిందని కాపలా పిల్ల కేకేస్తే
నోరు మూసుకుని కూచుంటుంది.
ఓడ వెనక కోసుల పొడవు తోక,
తోక పొడవునా చెవులు.
మిగిలిన చెవుల్ని ఒడ్డున పాతేది నేను.
శేరు డబ్బా అంత యంత్రం, జానెడు గుంట,
పైన గడ్డి కప్పి
"నలభై రోజులు దీన్ని కదపకండి" అని
ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోవడం.

నలభై ఏడో డబ్బా ఐలీ హాతయా పెరట్లో.
డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆల్చిప్పలు ఒలిచి ఒలిచి
వంకర తిరిగిన వేళ్ళు.
నేను తవ్వుతుంటే చీపురుకి ఆనుకుని
"ఏం కనబడుతుంది మీకు?" అంది.
చెప్పాను.
సముద్రం కింది పలక మన కిందికి దూరుతోంది,
ఏడాదికి గోరు పెరిగినంత.
ఎక్కడ జారుతోందో
ఎక్కడ పళ్ళు బిగించి మొరాయించిందో
తిరిగొచ్చే చప్పుడు గీతల్లో తెలుస్తుంది.
"ఎప్పుడు వదులుతుంది?"
అది తెలియదు, అన్నాను.
"మా ఆయనా అంతే.
పడవలు ఎందుకు మునుగుతాయో
గంటలకొద్దీ చెప్పేవాడు."
చీపురు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఏటి మలుపులో బూడిదరంగు దేవదారులు.
మూడువందల ఏళ్ళ కిందట ఒక చలికాలపు రాత్రి
నేల ఒక్కసారిగా కుంగితే
వేళ్ళు ఉప్పునీళ్ళు తాగాయి.
ఇంకా నిలబడే ఉన్నాయి,
కూచోమని ఎవరూ చెప్పనట్టు.

నలభై రోజులకి డబ్బాలు తవ్వుకొచ్చి
తెర మీద పరిచాను.
నలభై ఏడులో ఓడ ఉంది, అలల రొద ఉంది,
మంగళవారాల చెత్తబండి ఉంది,
రకూనో ఏదో, గోళ్ళ గీకుడు ఉంది.
ఇంకా
తెల్లవారుజాము మూడుంపావుకి అడుగులు.
మెల్లగా పన్నెండు. ఆగడం. మూడు మెట్లు. గేటు.
మళ్ళీ వెనక్కి.
పాపం, నిద్ర పట్టని మనిషి, అనుకున్నాను.
మా పనిలో దాన్ని రొద అంటాం.
అది పోతే తప్ప పలక వినబడదు.

వడగట్టబోయి, ఎందుకో, రాత్రుల్ని వరసగా పేర్చి చూశాను.
మొదటి రాత్రి, తొలి అడుగు నుంచి గేటుదాకా
నూటనాలుగు సెకన్లు.
పదో రాత్రి తొంభై ఒకటి.
ఇరవై మూడో రాత్రి ఏదో పడ్డ చప్పుడు,
ఆ తర్వాత చాలాసేపు ఓడ ఒక్కటే.
నాలుగు రాత్రులు ఖాళీ.
ముప్పై తొమ్మిదో రాత్రి డెబ్భై ఆరు.

గుట్ట మీదికి దారి నేనూ నడిచి చూశాను.
నా కాళ్ళకి పద్దెనిమిది నిమిషాలు.
అల రావడానికి ఇరవై అంటారు, ఇరవై అయిదంటారు.
ఆవిడ కాళ్ళకి ఎంతో కాగితం మీద లెక్క కట్టి
కొట్టేశాను.

వడగట్టిన గీతలు ఆఫీసుకి పంపాను.
జల్లెడలో మిగిలిన అడుగుల్ని
ఒక ఫైల్లో దాచాను. పేరు పెట్టలేదు.

గుంట పూడ్చి గడ్డి వేస్తానన్న మాట ఉంది కదా,
వెళ్ళాను.
గుమ్మం పక్కన రబ్బరు బూట్లు,
ముక్కులు బయటికి తిప్పి.
ఒకదాంట్లో టార్చిలైటు.
మోకాలికి కొత్త పట్టీ.
"మీ యంత్రానికి ఏమన్నా వినబడిందా?"
చాలా, అన్నాను.
ఇంకేం చెప్పలేదు. తనూ అడగలేదు.

"ఈ ఏడాదికి రాకపోతే చాలు" అంటూ
వంకర వేలు మడిచి
తలుపుచెక్క మీద రెండుసార్లు కొట్టింది.
దిష్టి తగలకుండా ఇక్కడివాళ్ళు చేసే పని అది.
నేను మాత్రం, వృత్తి కొద్దీ,
చెవి ఒగ్గాను.