గరుకు

కాశిమేడు గోడౌను మిద్దె మీద
రెండు మీటర్ల నల్ల పెట్టె.
పైన అద్దం, అడుగున రేకు, మధ్యలో గాలి పోయే సందు.
చుట్టూ కప్పిన థర్మోకోల్ చేపల పెట్టెలది,
ఎంత కడిగినా వంజరం వాసన వదల్లేదు.

ఎండకేం కొదవ? మద్రాసులో ఎండ
పిలవకుండానే వచ్చి కూర్చునే చుట్టం.
పట్టుకోవడమే చేతకాదు మాకు.
రేకు మీద చెయ్యి పెడితే బొబ్బెక్కుతోంది,
అవతలి కొసన గాలి మాత్రం గోరువెచ్చగా వస్తోంది.
నూటికి ముప్పై ఎనిమిది.
మిగతాదంతా ఆకాశానికి వాపసు.

కాపలా రాజమాణిక్యం దగ్గర ఊదుబత్తి అడుక్కొచ్చి
సందు మొదట్లో పెట్టాను.
పొగ తిన్నగా పోయింది,
అర్జీ పట్టుకు నిలబడ్డవాణ్ణి చూడకుండా
నడిచిపోయే ఆఫీసరులా.

అప్పటికి గాని బుర్రకెక్కలేదు.
రేకుని అంటుకుని వెంట్రుకవాసి గాలిపొర ఒకటి
తను కదలదు, వేడిని కదలనివ్వదు,
దుప్పటి కప్పి పడుకుంది.
ఇన్నాళ్లూ నునుపు చెయ్యమనే చెప్పాను వజ్రవేలుకి.
పెయింటుకి ముందు ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది
మొహం చూసుకునేంత మెరుపు తెచ్చాడు పాపం.

"గరుకు చెయ్యాలన్నా" అంటే
నాలుగు రోజుల కూలి కళ్లతోనే లెక్కేశాడు.
ఏమీ అనలేదు. బీడీ ఆర్పి,
పాత సైకిలు చువ్వలు ముక్కలు చేసి
కాస్త ఏటవాలుగా, వేలెడు ఎడంతో అతికించాడు.

మళ్లీ ఊదుబత్తి.
పొగ మొదటి చువ్వకి తట్టుకుంది,
బోర్లాపడింది, సుడి తిరిగి లేచింది,
లేస్తూ లేస్తూ రేకుని పట్టుకుంది.
కొసన చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను.
యాభై మూడు!

ఊరికే కాదు. ఫ్యాను మూలుగుతోందిప్పుడు.
ప్రతి తట్టుకీ ఇంత కరెంటు.
చువ్వ ఇంకాస్త ఎత్తయితే
కొత్తగా వచ్చే వేడి ఫ్యాను తిండికే సరి.
ఎంత గరుకు చాలో రేపు చూడాలి,
ఎల్లుండి కూడా.

మూడింటికి సెంగేణి మెట్లెక్కి వచ్చింది.
ఇసుక అంటని నెత్తళ్లలోంచి ఒకటి తీసి
చెవి దగ్గర పెట్టుకుని విరిచింది.
టక్కుమంది. తలాడించింది.
నమిలి, కాసేపాగి,
"ఆరింది. కానీ సముద్రం గాలి తగల్లేదు దీనికి" అంది.

నోటుబుక్కులో ఉష్ణోగ్రతకి గడి ఉంది, వేగానికి గడి ఉంది.
ఆమె మాట మార్జిన్‌లో రాశాను,
పెన్సిల్‌తో.