వర్తించదు

ఫారంలో తొమ్మిదో భాగం, నాలుగో గడి:
ఫ్లాష్ పాయింట్.
ట్రైనీ మునిశేఖర్ "వర్తించదు" అని రాసి
పేజీ తిప్పేశాడు.
వాడి తప్పేం లేదు, చాలా ఫారాల్లో అట్లాగే ఉంటుంది.
కప్పులో నిలవని దాన్ని
ఏ కప్పులో పోసి కొలుస్తాం?

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు
అబెల్ కప్పులో కిరోసిన్ పోసి, మూతపెట్టి,
డిగ్రీ డిగ్రీకీ చిన్న దీపం వంచేవాళ్ళం.
ముప్ఫై ఆరు. ఏమీ లేదు.
ముప్ఫై ఏడు. ఏమీ లేదు.
ముప్ఫై ఎనిమిది దగ్గర
మూత కింద నీలంగా ఒక రెప్పపాటు.
మంట కాదది.
మంట ఒకసారి కళ్ళు తెరిచి
"ఇంకా తెల్లారలేదా" అని అటు తిరిగి పడుకోవడం.

ప్రొపేన్‌కి ఆ రెప్పపాటు
సున్నాకి నూటనాలుగు డిగ్రీల కింద.
ఏర్పేడులో మే నెల మధ్యాహ్నం నలభై నాలుగు.
ఆ దూరమంతా ఎప్పుడో దాటి
మా దగ్గరికి వచ్చింది.
పడుకోవడం తెలీదు దానికి.
పుల్ల గీసే చెయ్యి కోసం చూస్తుంటుంది, అంతే.

కాళహస్తిలో గాలికి గుడి ఉంది.
గాలి చొరని చోట కూడా దీపమొకటి ఊగుతుందంటారు.
మా ప్లాంటులో గాలికి కాటా ఉంది:
పద్నాలుగు కిలోల రెండువందల గ్రాములు,
పైన కొసరుగా కాస్త కుళ్ళు వాసన.
ఆ వాసన దానిది కాదు, మేం అప్పిచ్చింది.
పిల్లి మెడలో గంట కట్టింది మేమే.

ఆ గంట చెంగల్రాయులన్నకి వినబడటం లేదు.

లోడింగ్ షెడ్డులో ఇరవయ్యారేళ్ళు.
ఆడిట్‌కి ముందురోజు నా టేబులు దగ్గర నిలబడి
హెల్మెట్ చేతుల్లో తిప్పుతా చెప్పినాడు:
"కరోనాప్పుడు పోయిందమ్మా వాసన. మళ్ళా రాలా.
పులుసు మాడినా తెలీదు.
మనవరాలి తల్లో మల్లెపూలుండాయంటే
ఉండాయనుకుంటా."
మరి ఇన్నాళ్ళూ?
"కంటితో జూస్తా. ఫ్లాంజి మింద మంచు పడితే లీకు.
కాలవ పక్కన పడుకునే కుక్క లేచిపోతే లీకు.
నేలబారున పాకేది గదా,
చీలమండకి సల్లగా తగుల్తాది."

నిజమే. మొన్న మార్గశిరంలో
మూడో బే దగ్గర తెల్లగా ఏదో పాకితే
మేమంతా పొగమంచనుకున్నాం.
ఆయనొక్కడే లైటు స్విచ్చు జోలికి పోకుండా
గాలిసంచి ఎటు వాలిందో చూసి
ఎదురుగాలికి నడిచి వాల్వు కట్టాడు.
ముక్కున్న వాళ్ళం పదకొండుమందిమి అక్కడ.

రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలు.
వాల్వుకి గడి ఉంది, గొట్టానికి గడి ఉంది,
మనిషి ముక్కుకి గడి లేదు.
నూరుపాళ్ళ గాలిలో రెండు పాళ్ళు చాలు అంటుకోడానికి,
తొమ్మిదిన్నర దాటితే అంటుకోదు.
ఆ మధ్యలోనే ఎక్కడో ఆయన పింఛను కాయితం.

ఆ రాత్రి నిద్రపట్టలేదని చెప్పను. పట్టింది.
పొద్దున ఇడ్లీలకి స్టవ్ వెలిగించబోతూ మాత్రం
చెయ్యి ఆపి
ఒకసారి గట్టిగా వాసన పీల్చుకున్నా.

రాశాను.
"వర్తించదు" కొట్టేసి, మైనస్ నూటనాలుగు.
కింద, ఇతర వ్యాఖ్యల్లో,
ఆయన పేరు.

పంతొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు.
ఇప్పుడు గేటు దగ్గర కూచుంటాడు,
టాంకరు డ్రైవర్ల జేబులు తడమడం పని.
ఇరవయ్యో రోజు స్కూటీ ఆపి సంతకం పెడుతుంటే
రిజిస్టరు నావైపు తిప్పాడు.
అగ్గిపెట్టెలు పదమూడు. లైటర్లు నాలుగు.
"ఒకదాంట్లో ఒక్క పుల్లే ఉండాదమ్మా," అన్నాడు
నా మొహం చూడకుండా.
"దాన్ని గూడా రాసినా."