ముప్పై రెండో నంబరు

నల్లగొండ గడియారం కాడ
మెట్లెక్కితే చర్మం దవాఖాన.
కండక్టర్ కళావతక్కకు
ఇరవై ఏండ్ల చిల్లర పంచాయితీ
కనుబొమ్మల నడుమ రెండు గీతలై నిలిచింది.
"ముప్పై రెండా! గంత లావుదా, చెల్లె?"

కాదక్కా.
మా చండూరు మగ్గాల కాడ
నంబరు పెరిగితే పోగు సన్నం.
సూదికీ గదే లెక్క.
ఉక్కు గొట్టాన్ని లాగి, లాగి,
వెంట్రుకకు అక్కయ్యేదాక సాగదీసి
మొనను మూడు దిక్కుల చెక్కుతరు,
జారేటందుకు పూత పూస్తరు.

అయినా నాలుగు పోట్లకే మొద్దుబారుతది.
ఐదో పోటుకు కొత్తది తీస్త.
సారు గుర్రుమంటడు, అననియ్యి.

నా ముంజేతి పచ్చబొట్టు చూసిందక్క.
"మరి గిదేం నంబరు?"

బొంత కుట్టే సూదులు, మూడు కలిపి కట్టినయి.
ఏడ్వకుండ నోట్లె బెల్లం పెట్టింది నాయనమ్మ.

అక్క కండ్లు మూసింది.
"అయిందా?" అన్నది, అయినంక.

నా నాలిక మీద
ఇంకా బెల్లం.