‘అవును’ గడి

మొదటిసారి రెండు వేల కార్డులు పంపినాం.
గ్రైండరు బొమ్మ, ధర, వాయిదాల లెక్క,
అడుగున మా అడ్రసు: గ్రీమ్స్‌పేట, చిత్తూరు.
పదకొండు తిరిగొచ్చినాయి.
అందులో నాలుగు, ఇల్లు ఖాళీ చేసిపోయినోళ్ళవి.

మునిరత్నం ఆ పదకొండునీ పేకముక్కల్లా పరిచి
చాలాసేపు చూసినాడు.
"కంటికి పని చెప్పినాం అలివేలూ,
కన్ను సోమరిది, చదివి పక్కన పెడతాది.
చేతికి చెప్పాల పని.
చెయ్యి కదిల్తే మనసు దాని ఎనకాలే వస్తాది,
దూడను ఎత్తుకుంటే ఆవు వచ్చినట్టు."

ఆ రాత్రి మిషను ఆగినాక
నేనూ, కటింగు దొరస్వామీ, ఒక కత్తెర.
గోకితే బహుమతి కనబడే పూత అనుకున్నాం. ఖర్చు.
లాగితే నాలుక చాపే అట్ట అనుకున్నాం.
దొరస్వామి లాగి లాగి చింపేసినాడు.
ఆఖరికి శివకాశి నుంచి రోలు రోలుగా దిగింది
గుండ్రటి ఎర్ర స్టిక్కరు, పావలా అంత కూడా లేదు.
కార్డుకి ఎడమపక్క అది, కుడిపక్క ఒక గడి.

"గ్రైండరు కావాలా?
చుక్కను తీయండి. ‘అవును’లో అంటించండి.
స్టాంపు మేమే కట్టుకుంటాం."

వాక్యాలు నావి. పద్దెనిమిదిసార్లు కొట్టేసి రాసినవి.
మూడు రోజులు ఆ రోళ్ళ మధ్యనే కూర్చున్నా,
అది దేనిలా ఉందో నాకు తోచలేదు.
తోచకపోవడం అలవాటై ఏడేళ్ళు.

నాలుగోనాడు ఏకాంబరం సైకిలు దిగకుండానే
కట్ట విసిరిపోయినాడు. ముప్పై.
మరునాడు నలభై రెండు.
మునిరత్నం పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీసినాడు.

అన్నిటికంటే పైనున్నది యాదమరి ఖాదర్‌బీది.
చుక్క సరిగ్గా గడి నడుమ.
పక్కన వంకర అక్షరాలు:
"మేం బొట్టు పెట్టుకోం సార్, అందుకే మీది మీకే పంపినా.
రంగు మటుకు బాగుండాది."

తర్వాతి కార్డుల్లో స్టిక్కరు లేదు.
గడి మాత్రం ఖాళీగా లేదు.
ఐరాల నుంచి కుంకం చుక్క,
వేలి గీతలతో సహా.
పెనుమూరు నుంచి పసుపు.
బంగారుపాళెం కార్డులో మామిడి సొన,
అంచుల్లో కాలినట్టు నల్లగా.
ఎవరో కందిబద్దను మైదాతో అంటించినారు,
దారిలో బద్ద రాలిపోయి మైదా ఒకటే వచ్చింది.

"ఇవి లెక్కలో రాసేదా వద్దా?" మునిరత్నం అరిచినాడు.
"ఒక్కో స్టిక్కరూ పన్నెండు పైసలు!
యాడికి పోయినాయి అన్నీ?"

యాడికి పోయినాయో శనివారం చూస్తిని.
పుత్తలపట్టు బస్సులో, తల్లి ఒళ్ళో నిద్రపోయే పాప
కనుబొమల నడుమ, మా ఎరుపు.
దిగేటప్పుడు డ్రైవరు అద్దం మూలలో ఇంకొకటి.
టీ బంకు దగ్గర గిన్నెలు తోమే ఆమె
చెమట తుడుచుకుంటా దాన్ని మాత్రం తప్పించి తుడుచుకునింది.
పన్నెండు పైసలు. నేను లెక్కపెట్టడం మానేస్తిని.

సోమవారం మునిరత్నానికి చెప్పినా:
ఈసారి రెండు చుక్కలు పెడదాం,
ఒకటి మాకు, ఒకటి మీకు.
ముందు తిట్టినాడు. తర్వాత శివకాశికి ఫోను చేసినాడు.

ఆ విడతలో ఆరొందల పైన వచ్చినాయి.
ఏకాంబరం సైకిలు దిగి, స్టాండు వేసి, కాఫీ అడిగినాడు.
అన్నీ ఒకే మాదిరి: గడిలో చుక్క,
ఎడమపక్క రెండు గుండ్రటి తెల్ల మరకలు.

గుడిపాల కార్డు ఒక్కటే వేరు.
పేరు జయమణి. ఒక చుక్క గడిలో.
రెండోది ఊడకుండా, జాగ్రత్తగా, కార్డు మూలలో.
దాని కింద:
"ఇది ఎవరికన్నా ఇయ్యండి. గ్రైండరు తొందరగా పంపండి."

మునిరత్నం లెక్కలో అది ఒక్కటే ‘అవును’.
నేను దాన్ని ఎవరికీ ఇయ్యలేదు.